పిచ్చిదని రాసివ్వమన్నారు

మేడ్చల్‌లో నేను గది అద్దెకు తీసుకున్నది తొంభైల మధ్యలో. అంతకుముందు ఆరేళ్లు నగరంలోని ఒక పెద్దాసుపత్రిలో, మానసిక విభాగంలో పనిచేశాను. అక్కడ నా పని పరీక్షలు పెట్టి కాగితాలు నింపడం. ఒక మనిషితో పావుగంట కూర్చుంటే చాలు, పక్క గదిలోంచి పెద్ద డాక్టరు "ఇంకా ఎంతసేపమ్మా" అని కేకేసేవాడు. కొన్ని బాధలు మాట్లాడితే తగ్గుతాయని, ఆ మాటలకు సమయం కావాలని నేను చదువుకున్నాను. ఆ సమయం ఆసుపత్రిలో దొరకదని ఆరేళ్లకు అర్థమైంది.

మా ఇల్లు మచ్చ బొల్లారంలో. మేడ్చల్, శామీర్‌పేట, ఇంకా లోపలి ఊళ్ల నుంచి ఆడవాళ్లు బస్సులు మారి ఆసుపత్రికి రావడం, చీటీ రాయించుకుని ఐదు నిమిషాల్లో తిరుగుముఖం పట్టడం రోజూ చూసేదాన్ని. వాళ్ల దగ్గరికి నేనే వెళితే సరిపోతుంది కదా అనుకున్నాను. ఉద్యోగం మానేస్తానంటే మా ఆయన ఒక్కటే అడిగాడు: "ఎవరైనా వస్తారా?" వస్తారన్నాను. ఎవరూ రారని నాకూ భయంగానే ఉంది.

గది మేడ్చల్ బస్టాండుకు ఎదురుగా, మేడ మీద. ఇంటి యజమానిది పెద్ద రైతు కుటుంబం. పొలాలున్నాయి, పార్టీలో పలుకుబడి ఉంది, అప్పుడప్పుడే ప్లాట్ల వ్యాపారం కూడా మొదలుపెట్టాడు. అందరూ పటేలనే పిలిచేవారు. గది చూపించేటప్పుడు చాలా మర్యాదగా మాట్లాడాడు. "మా బిల్డింగుల డాక్టరుంటే మాకే ఇజ్జత్ మేడం," అన్నాడు. నేను డాక్టరును కాను, మందులివ్వను అని చెప్పాను. "ఏదైతేంది," అన్నాడు.

"మానసిక సలహా కేంద్రం" అని బోర్డు రాయించాను. వారం తిరక్కుండా దానికి పిచ్చి డాక్టరమ్మ రూము అని పేరు పడింది. మొదటి నెలలో మెట్లెక్కి వచ్చిన ఒక ముసలాయన గది నాలుగు మూలలా చూసి, "సూది ఎయ్యవా బిడ్డా?" అన్నాడు. వెయ్యనన్నాను. "మందు?" ఇవ్వనన్నాను. మరేం చేస్తానని అడిగాడు. మాట్లాడతానన్నాను. "మాట్లాడేటోళ్లు మా ఇంట్ల మస్తుమంది ఉన్నరు," అని కర్ర పట్టుకుని దిగిపోయాడు.

గది కింద ఒక ఆడమనిషి బట్టలు కుట్టే దుకాణం పెట్టుకుంది. కీసర నుంచి వచ్చి ఉంటోంది. రెండు నెలలు నా ఖాళీ మెట్లను చూసీ చూసీ ఒకరోజు టీ పట్టుకుని పైకొచ్చింది.

"మేడం, మీ మెట్లు బస్టాండుకు ఎదురుంగున్నయి. ఎక్కినోళ్లను ఊరంత జూస్తది. ఎవరొస్తరు? నా దుకాణం ఎన్క తలుపున్నది. ఆడికెల్లి మీ రూంలకు లోపలి మెట్లున్నయి. జాకెట్ కుట్టించుకునేతందుకు వచ్చినమంటరు. ఎవరడుగుతరు?"

ఆ తలుపు నాకు తెలుసు. దాని అవతల నేను చీపురు, బకెట్ పెట్టుకున్నాను. అన్నేళ్లు చదివిన నాకు తట్టనిది ఆమెకు ఒక్క చూపులో తట్టింది. నీకెందుకింత శ్రద్ధ అని అడిగితే ఖాళీ టీ గ్లాసు చేతిలోకి తీసుకుంది. "రేపు మధ్యాన్నం నేనే వస్త. మొదలు నాదే వినుర్రి," అంది.

అలా మొదలైంది నా ప్రాక్టీసు. జాకెట్ గుడ్డలు పట్టుకుని ఆడవాళ్లు వచ్చేవారు. కింద కొలతలిచ్చి పైకెక్కేవారు. గంటసేపు మాట్లాడి, ఏడ్చి, కిందికి దిగి ముఖం కడుక్కుని, గుడ్డ మడత సర్దుకుని రోడ్డు మీదికి వెళ్లేవారు. చేతులు కడిగిందే కడిగి చర్మం ఊడిపోయిన టీచరు వచ్చేది. కాన్పు తర్వాత బిడ్డను ఎత్తుకోవాలంటేనే భయపడే పిల్ల వచ్చేది. ఒక లారీ డ్రైవరు, తన భార్య జాకెట్ కోసమన్నట్టు వచ్చి, ముప్పావు గంట ఏడ్చి, నిజంగానే జాకెట్ తీసుకుని వెళ్లాడు. రెండో ఏడాదికి వారంలో నాలుగు రోజులు నాకు ఊపిరి సలపలేదు. సంతోషంగా ఉండేదాన్ని. ఆ సంతోషమే నన్ను కాస్త మూర్ఖురాలిని చేసిందని ఇప్పుడనిపిస్తుంది.

పటేలు చెల్లెలు నా దగ్గరికి వచ్చింది ఆ రెండో ఏడాదే. నలభై దాటిన మనిషి. పెళ్లయిన ఏడాదికే మొగుడు పోతే పుట్టింటికి తిరిగొచ్చింది. అన్న ఇంటి వెనక బర్రెల కొట్టం చూసుకుంటూ ఇరవై ఏళ్లుగా అక్కడే ఉంటోంది. మొదటి నాలుగుసార్లు ఆమె గోడ గడియారం చూస్తూ కూర్చుని, గంట అవగానే లేచి వెళ్లింది. ఐదోసారి, "నాయిన పోయినకాడికెల్లి నిద్ర పడుతలేదు," అంది. ఆసుపత్రి చీటీ మీద కొన్న నిద్రమాత్రలు సగం సగం విరిచి మింగుతోంది.

మెల్లగా సంగతంతా బయటికొచ్చింది. శామీర్‌పేట దగ్గర నాలుగెకరాలు తండ్రి బతికుండగానే ఆమె పేరున రాసి రిజిస్ట్రీ చేయించాడు. రోడ్డు పడుతుందనగానే అన్న చూపు ఆ భూమి మీద పడింది. తన పేరున రాసి సంతకం పెట్టమని ముందు బతిమాలాడు. తర్వాత అన్నం పెట్టేటప్పుడు ఇంట్లో మాటలు మొదలయ్యాయి. ఆమె వినేటట్టే, ఆమెతో కాకుండా.

"నేను సంతకం పెడ్త అన్ననాడు నాకు నిద్ర పడ్తదేమో అనుకున్న డాక్టరమ్మా," అంది ఒకసారి. "పెడ్తనని మనసుల అనుకుని జూసిన. ఆ రాత్రి సుత పట్టలే."

సంతకం పెట్టమనీ వద్దనీ నేను ఎప్పుడూ చెప్పలేదు. ఆమె అనుకున్నది ఆమె చేతే పైకి అనిపించడం తప్ప నేను చేసిందేమీ లేదు. ఏడాది గడిచేసరికి మాత్రలు మానేసింది. ఒకరోజు అన్న ముందు నిలబడి పెట్టనని చెప్పిందట. ఆ మాట నాకు చెబుతూ నవ్వింది. ఆమె పళ్లు నేను చూడడం అదే మొదలు.

ఇక నేను చేసిన తప్పు. పటేలు కొత్త ఇంటి గృహప్రవేశానికి నన్ను పిలిచారు. వంటింటి గుమ్మం దగ్గర పటేలు భార్య నాకు బొట్టు పెట్టి, చేతిలో జాకెట్ గుడ్డ, పండు పెట్టి, గొంతు తగ్గించి అడిగింది. "మా ఆడబిడ్డకు ఎట్లున్నది మేడం? మీకాడికి వస్తున్నది గద."

నాకు చెప్పడానికేం లేదనాలి. నేను ఎవరి సంగతీ ఎవరికీ చెప్పనని అనాలి. ఈ వృత్తిలో మొదట నేర్పేది అదే. కానీ చుట్టూ పదిమంది పెద్దింటి ఆడవాళ్లు నన్ను గౌరవంగా చూస్తున్నారు. నా పని ఫలించిందని చెప్పుకోవాలన్న ఆశ నాలుక మీదికొచ్చింది. "ఇప్పుడు చాలా నయమండీ. నిద్రమాత్రలు కూడా మానేసింది," అన్నాను.

పదేళ్లు దాటింది. ఆ వాక్యం గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేను చెంప మీద కొట్టాలనిపిస్తుంది.

ఇరవై రోజుల తర్వాత పటేలు పైకి వచ్చాడు. బయటి మెట్ల నుంచే, అందరూ చూస్తుండగా వచ్చాడు. కుర్చీలో కూర్చుని నాకూ తనకూ టీ తెప్పించాడు.

"మా చెల్లెకు మతి సక్కగ లేదని మీ కాయితం మీద ఒక ముక్క రాసియ్యున్రి మేడం. అంతే."

"ఆమె నా దగ్గరికి వస్తుందో రాదో కూడా నేను చెప్పనండి," అన్నాను.

"చెప్పకపోవుడేంది? మా ఇంట్ల మీరే చెప్తిరి గద. మాత్రలు మింగుతుండె, ఇప్పుడు నయమని."

ఆయన టీ తాగి గ్లాసు నా కాగితాల మీద పెట్టాడు. "నయమయిందంటే రోగమున్నట్టే గద మేడం," అన్నాడు నెమ్మదిగా.

ఆ రోజు నేను చెప్పాల్సిన మాటలు తర్వాత వందసార్లు చెప్పుకున్నాను. ఆమెకు రోగం లేదని, ఆమె నిద్ర పోగొట్టింది మీరేనని, ఇంకా చాలా. అప్పుడు మాత్రం "ఇవ్వనండి" అన్న ఒక్క ముక్క వచ్చింది. ఆయన లేచి, "మా మనిషి లెక్క చూసుకున్నం మిమ్మల్ని," అని దిగిపోయాడు. కోపంగా అనలేదు. బాధపడ్డట్టు అన్నాడు. అదే నన్ను ఎక్కువగా మండించింది.

ఆ రోజు నుంచి నా నోటు పుస్తకాలన్నీ సంచిలో వేసుకుని ఇంటికి మోసుకెళ్లడం, పొద్దున మళ్లీ తెచ్చుకోవడం మొదలుపెట్టాను. పదిహేను రోజులకు కరెంటు పోయింది. నా గదికి మాత్రమే. ఇంకో వారానికి, ఒక పొద్దున వెళ్లేసరికి దుకాణం వెనక తలుపు లేదు. ఆ చోట ఇటుకల గోడ ఉంది. సిమెంటు ఇంకా తడిగానే ఉంది. కుట్టుమిషను ముందు కూర్చున్న ఆమె నన్ను చూసి తల దించుకుంది. "రాత్రికి రాత్రే కట్టిన్రు మేడం. అడిగితే, నువ్వుంటవా పోతవా అన్నరు."

గోడ పక్కన ముగ్గురు ఆడవాళ్లు గుడ్డలు పట్టుకుని నిలబడి ఉన్నారు. బయటి మెట్లు ఎక్కడానికి ఒక్కరు కూడా ముందుకు రాలేదు. వాళ్లను తప్పుపట్టను. ముగ్గురూ ఏం చేయాలో తెలియక నిజంగానే కొలతలిచ్చి వెళ్లిపోయారు.

అదే నెలలో కోర్టు నుంచి చెల్లెలికి నోటీసు వచ్చింది. ఆమెకు మతిస్థిమితం లేదని, ఆస్తి చూసుకునే శక్తి లేదని, అన్నను సంరక్షకుడిగా నియమించమని అర్జీ. ఆ కాగితాలు ఆమె చీర కొంగులో చుట్టుకుని బొల్లారంలో మా ఇంటికి తెచ్చింది. బస్సెక్కి, అడుగుతూ అడుగుతూ వచ్చింది. జత చేసిన డాక్టరు సర్టిఫికెట్ కింద సంతకం నేను గుర్తుపట్టాను. ఆసుపత్రిలో పక్క గదిలోంచి కేకేసే నా పై డాక్టరుది. రోగి ఏడాదికి పైగా కౌన్సెలింగు తీసుకుంటోందని, మాత్రలు వాడిందని రాశాడు. నా పేరు కూడా రాశాడు.

"ఈ డాక్టరు నిన్ను చూశాడా అక్కా?" అని అడిగాను.

"ఏ డాక్టరు?" అంది.

మర్నాడు ఆయన దగ్గరికి వెళ్లాను. నన్ను చూసి సంతోషించాడు. ప్రాక్టీసు ఎలా ఉందని అడిగాడు. కాగితం ముందు పెట్టి, ఈమెను మీరు చూశారా అన్నాను.

"అన్నగారు వచ్చారు. మొత్తం హిస్టరీ చెప్పారు. నీ దగ్గర ట్రీట్‌మెంటులో ఉందన్నారు. నువ్వు చూస్తున్నావంటే ఏదో ఉన్నట్టే కదా అనుకున్నాను."

"మనిషిని చూడకుండా పిచ్చిదని ఎలా రాశారు?"

"పిచ్చి అని రాయలేదమ్మా. సరిగా చదువు." కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అయినా నువ్వు డాక్టరువి కాదు. గదిలో కూర్చుని నాలుగు మంచి మాటలు చెప్పు, పోయేదేం లేదు. ఈ కాగితాల జోలికి రాకు."

కాగితం తీసుకుని లేచి వచ్చాను. అనాల్సినవన్నీ తిరుగు బస్సులో పైకే అన్నాను కాబోలు, పక్క సీటులో కూర్చున్నావిడ బ్యాగు తీసుకుని వెనక్కి వెళ్లి కూర్చుంది. ఆయన మీద అంత కోపం రాలేదు నిజానికి. ఆ కాగితంలో ఆయన రాసిన ప్రతి అబద్ధమూ నా వాక్యం మీదే నిలబడి ఉంది. వంటింటి గుమ్మంలో, పండు చేతిలో పట్టుకుని, నేను మెచ్చుకోలు కోసం అన్న వాక్యం మీద.

పటేలు చెల్లెలి లాయరు నన్ను సాక్ష్యం చెప్పమన్నాడు. రెండు వారాలు నేను ఒప్పుకోలేదు. ఆమె నాతో చెప్పుకున్నవి నలుగురిలో ఎలా చెప్పను? ఒకసారి నోరు జారి ఇంత చేశాను. ఇప్పుడు కోర్టులో నిలబడి పుస్తకం విప్పాలా? ఈ మాటే ఆమెతో అన్నాను. ఆమెకు కోపం వచ్చింది. నా మీద ఆమె కోప్పడడం అదే మొదటిసారి.

"నువ్వు చెప్పొద్దన్ననాడు చెప్పినవు. చెప్పుమన్ననాడు చెప్పనంటున్నవు. నా మాట నాదే గద డాక్టరమ్మా? నేను చెప్పుమంటున్న. చెప్పు."

కోర్టులో నేను పెద్దగా చెప్పాల్సిన అవసరం రాలేదు. నిద్రపట్టక వచ్చిందనీ, ఆలోచనలో ఏ లోపమూ లేదనీ, నేనే ఆ మాటలు చెప్పకూడని చోట చెప్పాననీ చెప్పాను. పటేలు లాయరు నా చదువు గురించి అడిగాడు. ఎంబీబీఎస్ చదివారా అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ లేదన్నాను. వెనక ఎవరో నవ్వారు. ఎవరో చూద్దామని తిరిగితే పటేలు భార్య నేల చూస్తూ కూర్చుని ఉంది.

తర్వాత జడ్జి చెల్లెలినే నేరుగా అడిగాడు. భూమి ఎక్కడుందో చెప్పగలవా అన్నాడు.

"శామీర్‌పేట దాటినంక ఎడమ దిక్కు సారు. తూర్పుకు మా చిన్నాయిన పొలం. పడమటికి బండ్లబాట. ఉత్తరానికి సర్కారు భూమి. దక్షిణానికి మా అన్నది. ఎనిమిది మామిడి చెట్లుండె. ప్లాట్లకు అడ్డమని మా అన్న మూడు కొట్టిచ్చిండు. ఐదున్నయి."

"అన్న మీద కోపమా?"

"ఉండదా సారు? కోపముంటే పిచ్చంటరా?"

జడ్జి రాసుకున్నాడు. రెండు వాయిదాల తర్వాత అర్జీ కొట్టేశారు. భూమి ఆమెకే మిగిలింది.

గెలిచామని మాత్రం నేను అనుకోలేకపోయాను. తీర్పు వచ్చిన వారంలోపే పటేలు కొట్టంలోని బర్రెలను అమ్మేశాడు. ఇరవై ఏళ్లు ఆమె పెంచినవి. కాగితాల లెక్క ప్రకారం అవి ఆయనవే. ఆమె పెట్టె ఇంటి బయట పెట్టారు. శామీర్‌పేటలో ఒక గది అద్దెకు తీసుకుంది. తర్వాత ఆ భూమిలోనే రెండు గదులు వేసుకుంది.

అప్పటికి నేనూ మేడ్చల్ వదిలి శామీర్‌పేటకే మారాను. ఒక రిటైరైన నర్సమ్మ తన ముందు గది నాకిచ్చింది. పటేలు చెల్లెలు అక్కడికి ఎంతో దూరంలో లేదు. ఎదురుపడినప్పుడల్లా మాట్లాడేది, వానల గురించి, పాల ధర గురించి. నిద్ర పడుతోందా అని ఒకసారి అడిగాను.

"పడుతలేదు," అంది.

"రా అక్కా ఒకరోజు. కూర్చుందాం."

"వద్దు డాక్టరమ్మా. నీ దగ్గర మాట్లాడితే మళ్ల కాయితం అయితది." కోపంగా కాదు, ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది.

ఆమె మళ్లీ ఎప్పుడూ రాలేదు. పటేలు భూమిని తీసుకోలేకపోయాడు గానీ, ఒక మనిషి ఇంకో మనిషి ముందు భయం లేకుండా నోరు విప్పే ఆ గంటను ఆమె నుంచి తీసుకున్నాడు. అందులో ఆయనకు నేను సాయం చేశాను. దీనికి ఏ కోర్టులో అర్జీ పెట్టాలో నాకు తెలియలేదు.

శామీర్‌పేటలో మొదటి ఏడాది దాదాపు ఎవరూ రాలేదు. అన్నాచెల్లెళ్లను కోర్టుకెక్కించిన ఆవిడ అని నా గురించి అనుకునేవారట. పొద్దున వచ్చి, తలుపు తీసి, ఊడ్చి, సాయంత్రం దాకా పుస్తకం చదివి వెళ్లేదాన్ని. మానేద్దామని చాలాసార్లు అనుకున్నాను. మానేస్తే పటేలు బస్టాండులో నవ్వుతాడన్న ఆలోచన నన్ను ఆపింది. నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది సేవాభావమని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. మొండి కోపం కూర్చోబెట్టింది.

తర్వాత తుర్కపల్లి వైపు మందుల కంపెనీలు, ల్యాబులు వచ్చాయి. కంపెనీ క్యాబులు శామీర్‌పేట చౌరస్తాలో ఆగేవి. ఇంటికి దూరంగా హాస్టళ్లలో ఉండే పిల్లలు, షిఫ్టులు మారి మారి నిద్ర చెడిన వాళ్లు ఒక్కొక్కరే రావడం మొదలైంది. ఏ ఊరికి వెళ్లినా నిద్ర దగ్గరే మొదలవుతుంది కథ. మూడేళ్లలో మళ్లీ నాకు తీరిక లేకుండా పోయింది.

ఆ రోజుల్లోనే ఒక కంపెనీ అధికారి వచ్చాడు. ముప్పై ఏళ్లు దాటని మనిషి, మర్యాదస్తుడు. వాళ్ల ఉద్యోగులందరికీ నన్నే కౌన్సెలరుగా పెట్టుకుంటామని, వారానికి రెండు రోజులు అక్కడికే రావాలని అన్నాడు. నాకు నచ్చింది. ఒప్పుకోబోతుండగా ఫైలు మూస్తూ, "ఒక్క చిన్న విషయం మేడం," అన్నాడు. "ఎవరెవరు వస్తున్నారో నెలకోసారి లిస్టు ఇవ్వాలి. వివరాలేం వద్దు. పేర్లు చాలు. కొన్ని పనుల్లో అలాంటి వాళ్లను పెట్టలేం కదా."

అలాంటి వాళ్లు అనగానే నాకు ఏం జరిగిందో తెలియదు. లేచి నిలబడ్డాను. మనిషిని చూడకుండానే రాసేస్తారా అని, నయమైందంటే రోగమున్నట్టేనా అని, ఆడవాళ్లు తలుపు వెనక తలుపు వెతుక్కుంటూ రావాల్సిందేనా అని, గొంతు చిరిగేలా అరిచాను. నర్సమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ఆ అబ్బాయి ఫైలు గుండెకు ఆనించుకుని, "సారీ మేడం, సారీ," అంటూ వెనక్కి నడిచి చెప్పులు వేసుకున్నాడు. ఆ అరుపులో అతనికి చెందాల్సింది కొంచెమే. మిగతాది ఆరేడేళ్ల కిందట, టీ గ్లాసు నా కాగితాల మీద పెట్టిన మనిషికి పడాల్సింది.

ఆ పని రాలేదు. దానికి నేను ఈ రోజుకీ పశ్చాత్తాపపడలేదు.

బయట బెంచీ మీద ల్యాబులో పనిచేసే ఒక పిల్ల కూర్చుని ఉంది. మొదటిసారి వచ్చింది. అంతా విన్నది. లేచి నిలబడి, "మేడం, ఇయ్యాల మీరు పరేషాన్‌ల ఉన్నరు. రేపొస్త," అంది.

లోపలికి రమ్మన్నాను. కూర్చోబెట్టి తలుపు వేశాను. ఆమె తల వంచుకుని తన సంగతి మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది. అందులో ఒక్క ముక్క కూడా నా చెవిలో పడలేదని ఆమె ఆగినప్పుడు తెలిసింది.

"తప్పు నాదే," అన్నాను. "ఇందాకటి కోపంలో నేను వినలేదు. నీకు ఓపికుంటే మళ్లీ మొదటి నుంచి చెప్పు."

ఆమె నా ముఖం వైపు కాసేపు చూసింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది.